ఒంటి చప్పుడు

దొలోన్ కనుమ దిగుతుండగా మొదలైంది.
సైడ్‌కార్‌లో తేనె సీసాలనుకున్నాను.
ఆగి, సీసాల మధ్య గొర్రె ఉన్ని ఇంకాస్త కుక్కాను.
మళ్లీ వచ్చింది.
టక్.
ఊపిరి తీసినంతసేపు ఆగి
టక్.

నాకంటే రెండేళ్లు పెద్దది ఈ ఉరాల్.
సమష్టి వ్యవసాయ క్షేత్రం మూతపడిన ఏడు
జీతం బాకీ కింద మా మామ తోలుకొచ్చాడు.
తోలుకొచ్చాడు అనే అంటాం ఇంట్లో,
ఆవును అన్నట్టు.

నారిన్ బజారులో ప్రతివాడూ వైద్యుడే.
పుచ్చకాయల తుర్దుబెక్ పెట్రోలు కల్తీ అన్నాడు.
రిటైరైన పోలీసు, పిస్టన్ పోయింది అమ్మెయ్, నేనే కొంటానన్నాడు.
మా మరిది వంగి, విని, తల పంకించి,
చాలాసేపటికి
"ఏదో ఉంది" అన్నాడు.

చివరికి ఎసెన్‌కుల్ ముసలాయన కొట్టం.
కుర్రతనంలో ట్యాంకు దళంలో చేసి
ఒక చెవి అక్కడే వదిలేసి వచ్చాడు.
బండి వంక చూడనే లేదు.
"చేసి చూపించు."
"ఏం చెయ్యాలి?"
"చప్పుడు. నోటితో."

నలభై ఆరేళ్లదాన్ని. ముగ్గురు పిల్లల తల్లిని.
తలగుడ్డ సవరించుకుని, అటూ ఇటూ చూసి,
టక్ అన్నాను.
"చల్లగా ఉన్నప్పుడా, కాగాకా?"
"రెండప్పుడూ."
"క్లచ్ పట్టుకుంటే?"
"పోదు."
"రోకటిపోటులా లోపల్నుంచి ధమ్మంటుందా,
గోటితో గిన్నె మీటినట్టా?"
కళ్లు మూసుకుని వెతుక్కున్నాను.
"గోరే."
"బతికిపోయావు. ఎక్కుడులో లాగుతోందా?"

అది మాత్రం బజారులో ఎవరూ అడగలేదు.
లాగటం లేదు. పోయిన చలికాలం నుంచీ.

స్టార్ట్ చేసి, కుడి ప్లగ్గు తీగ ఊడబీకాడు.
బండికి చీమ కుట్టినట్టు కూడా లేదు.
అది తగిలించి ఎడమది పీకాడు.
దగ్గి, తూలి, ప్రాణం మీదికి తెచ్చుకుంది.
"ఇన్నాళ్లూ ఒంటికాలి మీద మోసిందన్నమాట నిన్ను."

పొడుగు స్క్రూడ్రైవరు మొన ఎడమ వాల్వు మూత మీద పెట్టి
చెక్కపిడిని దవడ ఎముకకు ఆనించాడు.
చెవి పోయినవాడికి ఎముక వింటుందట.
కాసేపే. తల ఊపాడు.
కుడి వైపుకి వెళ్లి
చాలాసేపు ఉండిపోయాడు,
పక్కింటి గోడకు చెవి ఒగ్గినవాడిలా.
"ఇక్కడ ఎవరూ మాట్లాడటం లేదు."

ఎడమది పుట్టినప్పటి నుంచీ అలాగే అంటోందట.
కుడిదీ అనేదట.
రెండూ కలిసి టకటకమంటుంటే
దాన్ని నేను చప్పుడనుకోలేదు, బండి అనుకున్నాను.
ఇప్పుడు ఒకటి ఊరుకుంది.
నాకు వినిపించింది రెండోదాని ఒంటరితనం.

"సందు లేదు. బిగుసుకుపోయింది," అన్నాడు.
"కాస్త సందుంటేనే వాల్వు తన చోట ఆనుకుంటుంది,
చల్లబడుతుంది.
సందు లేనిది చడీచప్పుడు లేకుండా కాలిపోతుంది.
మోగేదానికి భయపడకు."

నిండుకుండ తొణకదన్న మాట
నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.

ఇంజను చల్లారేదాకా టీ తాగాం, మూడేసి గిన్నెలు.
వేడి మీద కొలిస్తే సందు అబద్ధమాడుతుందట.
తర్వాత ఉల్లిపొర లాంటి రేకు దూర్చి,
నట్టు పావు వంతు వదిలి, మళ్లీ దూర్చి,
గొణుక్కుంటూ, తిట్టుకుంటూ.
ఒక సీసా తేనె తీసుకున్నాడు.
రెండోది ఇవ్వబోతే,
ఎడమదాన్ని నేను ముట్టుకోలేదు కదా అన్నాడు.

తిరుగుదారంతా టకటక, టకటక.
కనుమ ఎక్కుడులో రెండో గేరులోనే లాగేసింది.
గొర్రెల కాపరి ఒకడు చెవులు మూసుకున్నాడు.

మా ఆయన పోయిన చలికాలం నుంచీ సణగటం మానేశాడు.
పొయ్యి పొగ మీద, నా బేరాల మీద, వాళ్లన్న మీద.
ఇల్లు ప్రశాంతంగా ఉందని
తేనె కొనేవాళ్లకు నేనే చెప్పుకున్నాను.

ఆ రాత్రి షోర్పోలో కావాలనే ఉప్పు వేయలేదు.
మాట్లాడకుండా తాగి, గిన్నె బోర్లించాడు.
బయట ఉరాల్ చల్లారుతూ చిటచిటమంటోంది.
దగ్గరికి జరిగి
అతని భుజం ఎముక మీద
దవడ ఆనించి కూర్చున్నాను.

చాలాసేపటికి,
"గుచ్చుకుంటోంది," అన్నాడు.